గ్యాస్ గీజర్ పొగ ఎటు పోతుంది?

చలికాలం వస్తే ఇంట్లో వేన్నీళ్ళ తొందర. పొద్దున పాళీకి పోయేవాళ్ళు, బడికి పోయే పిల్లలు, బీడీల కార్ఖానాకు పోయే అక్కలు, అందరికీ ఒక్కసారే కావాలి. అందుకే గ్యాస్ గీజర్ కొంటున్నాము. కొనేటప్పుడు ధర అడుగుతాము, ఎన్ని లీటర్లని అడుగుతాము. "పొగ ఎటు పోతది?" అని మాత్రం అడగము.

వెనకటి రాగి బంబుకు పొగగొట్టం ఉండేది. పొగ కండ్లకు కనబడేది, దగ్గు వచ్చేది. గ్యాస్ పొగ కనబడదు, వాసన రాదు. సిలిండర్ లీకైతే వచ్చే వాసన కంపెనీవాళ్ళు కలిపింది. మండిన పొగలో అది ఉండదు.

మూసిన చిన్న గదిలో మంట మండితే గాలిలోని ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తల నొస్తుంది, కండ్లు తిరుగుతాయి, కాళ్ళు సచ్చుబడతాయి. తలుపు గడియ తీసే బలం కూడా ఉండదు. 2023లో హోళీ ఆడివచ్చిన దంపతులు ముంబయి ఘాట్కోపర్‌లో స్నానాల గదిలోనే చనిపోతే, గ్యాస్ గీజర్ మీదనే అనుమానం పోయింది.

గీజర్లు నాలుగు తీర్లు. గొట్టం లేనిది చవక, ఎక్కువగా దొరికేది ఇదే. దీన్ని స్నానాల గదిలో పెట్టనే వద్దు. రెండోది గొట్టంతో పొగను పైకి పంపేది. ఆ గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పొగను వెనక్కి గుంజుతుంది. మూడోది ఫ్యాన్‌తో పొగను బయటికి నెట్టేది, దీనికి కరెంటు కావాలి. నాలుగోది బయటి గాలినే తీసుకొని బయటికే వదిలేది. అన్నిట్ల భద్రం, కాని ధర ఎక్కువ.

మన ఘర్కుల్ ఇండ్లకు తేలిక దారి ఒకటుంది. చవక గీజర్‌ను బయట, గాలి ఆడే గోడకు, వాన తగలకుండా బిగించి, నీళ్ళ పైపు మాత్రమే లోపలికి తీసుకోండి. పొగ మన కిటికీలోకి గాని పక్కింటి కిటికీలోకి గాని పోవద్దు. మంట నీలంగా ఉండాలి. పసుపైతే మేస్త్రీని పిలవండి.

ఇప్పటికే లోపల బిగించి ఉంటే, బయటికి మార్చేదాకా వాడకం ఆపి పొయ్యి మీద నీళ్ళు కాగబెట్టుకోండి. లోపల ఎవరైనా పలకకపోతే ఆలోచించొద్దు. తలుపు పగలగొట్టి, గీజర్ ఆపి, మనిషిని బయటి గాలికి తెచ్చి, 108కి ఫోన్ చేయండి.

తలుపు పోతే మళ్ళీ చేయించుకోవచ్చు.