తుఫాను తీరం దాటింది. మరి మా పల్లె?

"తుఫాను తీరం దాటింది" అన్న వార్త నా ఫోన్లో పడేసరికి మేం చీరాలలో ఒక బడి వరండాలో ఉన్నాం. 2023 డిసెంబర్ 5, మధ్యాహ్నం. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. చుట్టూ ఉన్నవాళ్ళు కాస్త ఊపిరి పీల్చుకున్నారు. మా అమ్మ మాత్రం "మీ నాన్నకు ఇంకోసారి చెయ్యరా" అంది. అప్పటికి ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. స్విచాఫ్.

నాన్న మాతో రాలేదు. ముందురోజు ఆటో ఎక్కమంటే "బర్రెను ఎవరికి అప్పగించి రాను? మీరు పోండి" అన్నాడు. ఇలాంటివాళ్ళను "ఎంత చెప్పినా వినని జనం" అంటారు. మిత్రులారా, ఆయన వినకపోవడం కాదు. మా ఇంట్లో అమ్మితే నాలుగు డబ్బులొచ్చేది ఆ బర్రె ఒక్కటే. మనుషులకు షెల్టర్ చూపించారు, బర్రెకు చూపించలేదు. అమ్మ ఇల్లు వదిలేటప్పుడు చీరలు తీసుకోలేదు. రేషన్ కార్డు, ఆధార్లు, ఇంటి స్థలం పట్టా పాలిథిన్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకుంది.

ప్రాణాలు కాపాడటం చిన్న పని అని నేననను. 1977 నవంబర్ 19న దివిసీమలో సుమారు 10,000 మంది చనిపోయారు. ఇవాళ ముందే హెచ్చరిస్తున్నారు, బళ్ళు తెరుస్తున్నారు, అన్నం పెడుతున్నారు. మంచిదే. కానీ ప్రతి తుఫానుకూ ముందు ఖాళీ చేయాల్సింది మా పల్లే ఎందుకు? ఊరు మెరక మీద ఉంది. పల్లె మురుగుకాలవ పక్కన పల్లంలో ఉంది. గాలి అందరిదీ కావచ్చు. నీళ్ళు ఎటు పోవాలో ఎప్పుడో మా తాతల కాలంలోనే కులం తేల్చేసింది.

ఆ రాత్రి వరండాలో మా పక్కన పడుకున్న ఒక పెద్దమ్మ "చీరాలకు పారిపోయి రావడం మనోళ్ళకు కొత్తా అయ్యా" అంది. నాకు వెంటనే అర్థమైంది. 1985 జూలై 17న కారంచేడులో దాడి జరిగాక దళితులు ప్రాణాలు చేతబట్టుకుని వచ్చింది ఈ చీరాలకే. గాలికి భయపడి వచ్చిన మేం గాలి తగ్గాక ఇంటికి పోతాం. మనుషులకు భయపడి వచ్చిన వాళ్ళలో చాలామంది తిరిగి పోలేకపోయారు, ఇక్కడే స్థిరపడ్డారు.

మర్నాడు పొద్దున నాన్న ఎవరి ఫోన్ నుంచో చేశాడు. వెనక గోడ పడిపోయింది. బర్రె బతికింది. తను బాగున్నాడు. అమ్మ ఏడ్చింది, వెంటనే కళ్ళు తుడుచుకుని "చేను?" అని అడిగింది. కౌలుకు చేసిన ఎకరంన్నర అది. కోసి పరిచిన వరి పనలు నీళ్ళలో తేలుతున్నాయి.

తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చారు. పాస్‌బుక్ అడిగారు. అది యజమాని పేరు మీద ఉంది. కౌలు కార్డు అడిగారు. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమోనని నాన్న అడగనే లేదు. పెట్టుబడి నాన్నది, అప్పు నాన్నది, మునిగిన పంట మాత్రం కాగితంలో ఇంకొకరిది. ఇక అమ్మకు పోయిన కోత కూలి ఏ కాగితంలోనూ లేదు. దానికి గడే లేదు.

కాబట్టి విద్యార్థి మిత్రులకు ఒక మాట. తుఫాను వెళ్ళాక దుప్పట్లు, బియ్యం పట్టుకుని రండి, వద్దనను. అయితే చేతిలో ఒక నోటుబుక్ కూడా ఉండాలి. ఎవరు కౌలుకు చేశారు, ఎవరికి ఎన్ని రోజుల పని పోయింది, నీళ్ళు ముందు ఏ వీధిలోకి వచ్చాయి, షెల్టర్ పల్లెకు ఎంత దూరం, ఇంటింటికీ తిరిగి రాయండి. ఆ లెక్క తీసుకుని ఆఫీసు మెట్లెక్కుదాం. సాగు చేసినవాడికే పరిహారం అడుగుదాం. పోయిన కూలికి పరిహారం అడుగుదాం. పల్లెలో మెరక మీద, పశువులకూ చోటుండే షెల్టర్ అడుగుదాం.

ఆ వెనక గోడకు ఇప్పటికీ పట్టాయే కట్టి ఉంది.

జై భీమ్.