దూడకు దక్కని పాలు మనకు సాత్త్వికమా?



"మేము శుద్ధ శాకాహారులం" అని పలికేటప్పుడు మన కంఠంలో ధ్వనించే సాత్త్వికాహంకారాన్ని ఈనాడు ప్రశ్నించదలచాను. ముప్పది సంవత్సరాలుగా శివార్చన చేస్తున్న నేనూ ఆ అహంకారానికి అతీతుణ్ణి కాను.

గత మాఘమాసంలో ఒక సోమవారం ఉషఃకాలాన ఆలయద్వారం తెరిచేసరికి మండప స్తంభానికి ఒక కోడెదూడ కట్టి ఉంది. దాని బొడ్డు ఇంకా ఆరలేదు. కట్టినవారెవరో తెలియదు, కారణం మాత్రం తెలుసు. పెయ్యదూడ అయితే ఇంటనే ఉండేది. కాసేపటికి భక్తులు పాల ప్యాకెట్లతో వచ్చారు. నేను నమకం పఠిస్తూ లింగంపై క్షీరధార విడుస్తున్నాను. వెలుపల ఆ శిశువు పాలకై అరుస్తోంది. ఒక రైతు దయతో ఇంటికి తీసుకొనిపోయినా, మూడవనాడు అది మరణించింది.

మనుస్మృతి పంచమాధ్యాయం ప్రాణిహింసా దోషాన్ని చంపినవాడికే పరిమితం చేయలేదు. అనుమతించినవాడు, ఖండించినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు కూడా ఘాతకులే అని లెక్కించింది. ఈ శ్లోకాన్ని మాంసాహారులకు వినిపించడంలో మనం నిపుణులం. అదే న్యాయాన్ని మన పాలగ్లాసుకు అన్వయించుకొనే ధైర్యం మనకున్నదా?

ఈనగానే తప్ప పశువు పాలివ్వదు. పుట్టేవాటిలో దాదాపు సగం మగవి. ట్రాక్టరు వచ్చాక కోడెకు కాడి లేదు. మన తెలుగునాట అధికంగా వినియోగమయ్యేవి గేదె పాలు. భారతదేశమో ప్రపంచంలో గేదెమాంసాన్ని ఎగుమతి చేసే ప్రధాన దేశాలలో ఒకటి. వట్టిపోయిన గేదె, అక్కరలేని దున్న చివరికి చేరేది అక్కడికే. గోవధను నిరసించే మనం, యమధర్మరాజుకు వాహనమైన మహిషజాతి విషయంలో మౌనం వహించడం ఏ ధర్మం?

"శ్రీకృష్ణపరమాత్మ వెన్న ఆరగించలేదా?" అంటారు. ఆరగించాడు. కానీ గోకులంలో దూడ త్రాగగా మిగిలినదే గృహస్థుడిది. ఎద్దు పొలం దున్నేది. ముసలి ఆవు పెరట్లోనే కన్నుమూసేది. ఆ వ్యవస్థను విసర్జించి, ఆ వెన్నను మాత్రం ప్రమాణంగా చూపడం శాస్త్రం కాదు, సౌకర్యం.

"వ్యవసాయంలోనూ క్రిమికీటకాలు చస్తాయి కదా" అంటారు. మహాభారతం వనపర్వంలో ధర్మవ్యాధుడూ ఆ మాట చెప్పాడు. అయితే కులవృత్తిగా మాంసం అమ్మిన ఆ మహనీయుడు తాను చంపలేదు, తినలేదు. సంపూర్ణాహింస అసాధ్యమన్నది సత్యమే. తగ్గించగల హింసను తగ్గించకపోవడానికి ఆ సత్యాన్ని సాకుగా వాడరాదు.

నేను కల్పసూత్రాలను సవరించేవాణ్ణి కాను. హోమంలో ఆజ్యం విధి, అది ఉండవలసినదే. దూడను కడుపునిండా త్రాగనిచ్చే ఇంటి నుండి అది వస్తే మరీ శ్రేయస్కరం. నేను ప్రశ్నిస్తున్నది మన భోగాన్ని. రోజుకు మూడు కాఫీలు, గడ్డపెరుగు, పనీరు కూర ఏ గృహ్యసూత్రం విధించింది? గీత నవమాధ్యాయంలో భగవానుడు పేర్కొన్నవి ఆకు, పువ్వు, పండు, నీరు మాత్రమే. శ్రీరామనవమి వడపప్పు, పానకం, నువ్వులనూనెతో చేసిన పులిహోర, కొబ్బరి: వీటిలో పాలచుక్క లేదు, ప్రసాదత్వానికి లోటూ లేదు.

కనుక 41 దినాల మండలదీక్షగా ప్రయత్నించి చూడండి. రాగి అంబలి, నువ్వుల చిమ్మిలి, పెసరట్టు, పప్పు, ఆకుకూరలు మన పెద్దల ఆహారమే. సున్నపుధాతువు రాగులలోనూ నువ్వులలోనూ పుష్కలం. బి12 విటమిన్ మాత్రం సస్యాహారంలో తగినంత లభించదు. వైద్యుని అడిగి మాత్ర తీసుకోవాలి. గర్భిణులు, పసిబిడ్డలు, రోగులు వైద్యసలహా లేకుండా ఈ దీక్ష పూనరాదు.

నేను ఆ మాఘం నుండి పాలు, పెరుగు మానాను. మొదటి పక్షం మజ్జిగ లేని భోజనం అసంపూర్ణంగా తోచింది. ఇప్పుడు తోచడం లేదు. స్వామికి పాలు తెచ్చే భక్తులను నేను నివారించను, "ఈ పాలిచ్చిన తల్లికి పుట్టిన దూడ ఎక్కడుంది?" అని మాత్రం అడుగుతున్నాను. కొందరు కోపగించారు. కొందరు మరుసటి సోమవారం కొబ్బరినీళ్ళు తెచ్చారు. ఆ అభిషేకం చేసిన నాడు నా నమకం తడబడలేదు.

స్వస్తి.