జత లేని గింజ

గోడపత్రికలో కవితలు, కథలు వస్తాయి గానీ ఇదేంటి లెక్కల గోల అనుకోకండి. తెలుగు మీద ఇష్టంతోనే ఈ డిపార్ట్‌మెంట్‌లో చేరానని అందరికీ చెప్తుంటాను. అది సగమే నిజం. మిగతా సగం, లెక్కలంటే భయం.

ఆ భయం మొన్న మళ్ళీ కనిపించింది, రెండో తరగతి చదివే మా పిన్నమ్మ కూతురి ముఖంలో. "టూ, ఫోర్, సిక్స్, ఎయిట్" అని ఇరవై దాకా గడగడా ఒప్పజెప్పింది. "మరి 13 సరా, బేసా?" అన్నాను. మాట లేదు. మా నాన్న తమిళంలో "ఒట్రైయా, రెట్టైయా?" అని అడిగారు. దానికీ జవాబు లేదు. "నాకు లెక్కలు రావక్కా" అంది. ఏడేళ్ళకే ఆ మాట! నేనూ ఆ వయసులోనే అన్నాను.

మా అవ్వ చింతగింజల డబ్బా తెచ్చి, గుప్పెడు తీసి రెండేసి పక్కన పెట్టమంది. చివర ఒకటి మిగిలింది. "దీనికి జత లేదు" అంది పిల్ల. అదే బేసి! ఇంక వేరే చెప్పేదేముంది?

తర్వాత 34 అడిగాను. ముందున్న 3 చూసి బేసి అంది. సరే, మూడు పదులు పేర్చాం. ఒక్కో పదిలో ఐదు జతలు, ఏదీ మిగల్లేదు. అయితే చివరి 4 ఒక్కటే చూస్తే చాలని తనే కనుక్కుంది. ఒకటి దగ్గర మొదలుపెట్టి రెండేసి దూకితే 1, 3, 5, 7 అని బేసి సంఖ్యలే వస్తాయని కూడా గింజలే చూపించాయి. పాట నేర్చినంత మాత్రాన ఇది తెలియదు.

వామనగుంటలు మీలో చాలామంది ఆడే ఉంటారు, తమిళంలో పల్లాంగుళి. 14 గుంటల్లో ఐదేసి గింజలు వేస్తే 5, 10, 15 అంటూ 70కి చేరతాం. ఆట మొదలుకాక ముందే ఐదో ఎక్కం! 'స్కిప్ కౌంటింగ్' అనే పేరు మనకు కొత్త కావచ్చు. రెండేసి, ఐదేసి, పదేసి అనే మాటలు కొత్తవి కావు కదా.

టీచర్లను తప్పుపట్టడం లేదు. నలభై మందికి గింజలు పంచి, మళ్ళీ ఏరేసరికి పీరియడ్ అయిపోతుంది. ఎక్కాలు నోటికి రావాలి కూడా. కానీ ముందు చెయ్యి, ఆ తర్వాతే నోరు అని నా అభిప్రాయం. క్లాసులో కుదరనిది ఇంట్లో కుదురుతుంది.

మనలో సాయంత్రాలు ట్యూషన్ చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈసారి గుప్పెడు చింతగింజలు తీసుకెళ్ళండి. తెలుగులో అడిగినా, తమిళంలో అడిగినా ఫరవాలేదు, గింజలకు భాష లేదు.

ఆ డబ్బా నా చిన్నప్పుడూ మా ఇంట్లోనే ఉండేది. చదువుకి అడ్డమని హోంవర్కు వేళ అటకెక్కించేవాళ్ళు. అప్పుడే కిందికి దించి ఉంటే, ఏమో, నేను ఇప్పుడూ తెలుగే చదువుతూ ఉండేదాన్ని. కానీ భయపడి వచ్చి ఉండేదాన్ని కాదు.