పుస్తకాలున్నాయి, చదువరులేరీ?

మన వారాంతపు తెలుగు బడుల్లో చాలాచోట్ల పుస్తకాలకు కొదవ లేదు. ఇండియా వెళ్లొచ్చిన కుటుంబాలు సూట్‌కేసుల్లో మోసుకొస్తూనే ఉన్నాయి. తీసి చదివేవాళ్లే తక్కువ. తప్పు పిల్లలదని తేల్చేసే ముందు యాక్షన్ రీసెర్చ్ చేసి చూడాలి.

1946లో ఆ పేరుతో వ్యాసం రాసిన కర్ట్ లెవిన్ కూడా జర్మనీ విడిచి అమెరికా చేరినవాడే. పేరు చూసి జంకనక్కర్లేదు. పని చేసేవాళ్లే తమ పనిని గమనించి, ఒకటి మార్చి, ఫలితం చూసి, మళ్లీ సరిదిద్దుకోవడం, అంతే.

నాలుగు వారాలు ఏ పుస్తకం ఎవరు తీసుకెళ్లారో, ఎక్కడ ఆపేశారో నోటుబుక్కులో రాయండి. ఎందుకు ఆపారో పిల్లల్నే అడగండి. పదేళ్ల పిల్ల ఇంగ్లిష్‌లో హ్యారీ పాటర్ చదివేస్తుంది, తెలుగులో ఒత్తుల దగ్గరే ఆగిపోతుంది. మాటలు తేలికగా ఉండి, కథ ఆ ఈడుకు తగిన పుస్తకం మన అలమరాలో ఉందా? చందమామ బైండ్లు, నిజం చెప్పుకోవాలంటే, మన కోసం తెచ్చుకున్నవే.

మర్నెల ఒక్కటే మార్చండి: అలాంటి పుస్తకాలను అట్ట కనబడేలా, పిల్లల చేతికందే ఎత్తులో పెట్టండి. లెక్క మళ్లీ చూడండి. పెరగకపోతే అదీ రాయండి. కొత్త పుస్తకాలకు చందా అడిగే రోజున ఆ నోటుబుక్కు తల్లిదండ్రుల ముందుండాలి.