మొదటి రోజు ఏం నేర్పారు?

మా జిన్నారంలో పక్కింటి కుర్రాడు ఐటీఐలో చేరాడు. "మొదటి రోజు ఏం చెప్పార్రా?" అంటే నోటుపుస్తకంలో ఓ త్రికోణం చూపించాడు. మంటకు మూడు కావాలట. మండే వస్తువు, గాలి, వేడి. ఒక్కటి తీసేసినా మంట ఆరిపోతుంది.

"ఇంతేనా!" అనబోయి ఆగాను. 2025 జూన్ 30 గుర్తొచ్చింది. ఆ రోజు పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా పోయారు. చాలామంది బీహార్, ఒడిశాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. అక్కడ తయారయ్యేది మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి.

పొడి కూడా పేలుతుందా? వంటింటి పిండినే తీసుకోండి. డబ్బాలో ఉన్నది భగ్గుమనదు. అదే గాలిలో దట్టంగా లేచి నిప్పు తగిలితే ఒక్కసారిగా అంటుకుంటుంది. నాలుగు గోడల మధ్యయితే పేలుడే! పాశమైలారం కారణాలు తేల్చేది నిపుణులు. కానీ పొడితో పనిచేసే ప్రతివారికీ ఈ సంగతి తెలియాలి కదా!

ప్రతి పనికీ ఇలాంటి ఓనమాలుంటాయి. నర్సుకు చేతులు కడుక్కోవడం, కరెంటు పనివాళ్లకు ముందు మెయిన్ ఆపడం. చదువుకున్నవాళ్లకు తరగతిలో చెబుతారు. కాంట్రాక్టు మీద నేరుగా పనిలోకి దిగేవాళ్లకు ఎవరు చెబుతారు? భోపాల్ ఘోరం తర్వాత 1987లో, పనిలోని ప్రమాదాల గురించి తెలుసుకునే హక్కును కార్మికులకు చట్టంలో చేర్చారు. అది వాళ్ల భాషలో వాళ్ల చెవిన పడితేనే ప్రయోజనం.

మీ ఇంట్లోవాళ్లు ఫ్యాక్టరీలో చేరితే, జీతమెంతని అడిగేముందు "మొదటి రోజు ఏం నేర్పారు?" అని అడగండి. చేరేది మీరే అయితే సూపర్‌వైజర్నే అడగండి.