ఇంటిపట్టున పని: ముందు అడగవలసిన మాటలు



"ఇంటి దగ్గర చేసుకునే పని ఏదైనా ఉంటే చెప్పండి" అని గణపవరం చుట్టుప్రక్కల తల్లులు మమ్మును తరచుగా అడుగుచున్నారు. వారిలో ఒకామె ఫోనులో వచ్చిన సందేశము నమ్మినది. వీడియోలకు లైకు కొడితే డబ్బన్నారు. మొదట నూట యాభై రూపాయలు నిజముగానే పంపిరి. తరువాత "పెద్ద పని" పేరుతో డిపాజిట్టు అడిగిరి. కుమారుని కాలేజీ ఫీజుకు దాచిన ఎనిమిది వేలు పోయినవి. భర్తకు చెప్పలేక నెల రోజులు కుమిలిపోయినది.

కాబట్టి మేము చెప్పునది ఇదే: పని ఇచ్చువారు మనకు కూలి ఇవ్వవలెను గాని, మన దగ్గర డబ్బు తీసుకొనరాదు.

మనకు దగ్గరలోని నరసాపురం, పాలకొల్లు ప్రాంతములలో స్త్రీలు ఇంటిపట్టునే లేసు అల్లుచున్నారు. పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీలు నేర్పిన ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది నిజమైన పనే. అయినను అల్లే చేతులకు దక్కేది బహు స్వల్పమని మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లోనే పుస్తకము వ్రాసిరి. కనుక దారము ఎవరిది, ఒక్కొక్క దానికి ఎంత, డబ్బు ఎప్పుడు అని ముందే అడిగి కాగితము మీద వ్రాయించుకొనండి.

ఇప్పటికే మోసపోయినవారు ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. ఇంటిలోను చెప్పండి. సిగ్గుపడవలసినది మోసగాడు, మీరు కాదు.