అర్ధసంవత్సర ఆత్మస్తుతి

ఈ తరం తెలుగువాళ్ళు అన్నిటికన్నా ఎక్కువగా రాస్తున్న ప్రక్రియ ఏది? కథ కాదు. కవిత కూడా కాదు. సెల్ఫ్ అప్రైజల్. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో పనిచేసేవాళ్ళలో జన్మలో ఒక్క కథ రాయనివాళ్ళు బోలెడుమంది దొరుకుతారు గానీ, ఈ ఫారం నింపనివాళ్ళు దొరకడం కష్టం. పైగా ఏడాదికి రెండుసార్లు. ఏప్రిల్‌తో లెక్క మొదలయ్యే కంపెనీల్లో దసరా, దీపావళి రోజుల్లో ఒకసారి పడుతుంది. జనవరితో మొదలయ్యే అమెరికన్ కంపెనీల్లో జూన్, జూలైల్లో, బోనాల హడావుడిలో. ఇంత విరివిగా వస్తున్న రచన మీద నేను ఒక్క సమీక్ష కూడా చదవలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఈ ప్రక్రియ నచ్చలేదని ముందే చెప్పేస్తున్నా.

దీనికి నియమాలు గట్టివే. పాత్ర ఒక్కటే ఉండాలి, దాని పేరు 'నేను'. క్రియలు నాలుగే: లీడ్ చేశాను, డ్రైవ్ చేశాను, ఓన్ చేశాను, డెలివర్ చేశాను. రెండు వాక్యాలకొకసారి ఏదో ఒక శాతం పెరగాలి, లేదా తగ్గాలి. ఓటమి రావచ్చు గానీ 'లెర్నింగ్' వేషం వేసుకుని రావాలి. 'మెరుగుపరుచుకోవాల్సినవి' అనే గడిలో ఒక లోపం ఒప్పుకోవాలి, కానీ అది గుణంలా కనిపించే లోపమై ఉండాలి. 'అన్నీ నేనే చూసుకోవాలనుకుంటాను' లాంటిది. ఇలాంటి కథ పత్రికకి పంపితే ఏ సంపాదకుడైనా రెండో పేరా దాటడు. ఇక్కడ మాత్రం దీని మీదే మన ఇంటి ఈఎంఐ ఆధారపడి ఉంటుంది.

ఈ ఫారాన్ని తెలుగులో నింపమంటే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. మనకి 'మనం' వేరు, 'మేము' వేరు. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషుకి ఆ తేడా లేదు, ఉన్నది ఒకటే 'వీ'. ఫారానికి ఆ ఒక్కటి కూడా పనికిరాదు. 'వీ' అని రాస్తే మేనేజర్ వెనక్కి పంపుతాడు, 'బానే ఉంది, ఇందులో నువ్వు చేసిందేంటి?' అని. ఇంకో సంగతి. తెలుగులో పని 'అయిపోతుంది'. ఆ రిపోర్టు ఏమైందని అడిగితే 'అయిపోయిందండీ' అంటాం. ఎవరు చేశారన్నది వాక్యంలో ఉండదు. అడిగినవాళ్ళకీ తెలుసు, చెప్పినవాళ్ళకీ తెలుసు కాబట్టి అక్కర్లేదు. తెలుగువాళ్ళకి తమ డప్పు తాము కొట్టుకోవడం రాదని నేననడం లేదు. ఊళ్ళో ఏ సెంటర్లో ఫ్లెక్సీ చూసినా ఆ భ్రమ పోతుంది. నేననేది, పక్కనే ఉండి చూసినవాళ్ళ మధ్య నడిచే మాట, చూడనివాళ్ళ ముందు పెడితే సగం పనిని మాయం చేస్తుందని.

మా టీంలో ఒకమ్మాయి ఉండేది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటి నెల కోడ్ అర్థమయ్యేలా చెప్పేది తనే. ఒకరోజు రాత్రి రెండింటికి పేమెంట్లు ఆగిపోతే లాగ్‌లు చదివి కారణం పట్టుకున్నదీ తనే. పొద్దున్నే ఆ కారణాన్ని స్లైడ్లు చేసి క్లయింటుకి చూపించినవాడు వేరొకడు. అర్ధసంవత్సరం ఫారంలో తను రాసింది, 'పేమెంట్ సమస్య పరిష్కారమైంది' అని. అతను రాసింది, 'క్లిష్టమైన సంక్షోభాన్ని మొదట్నుంచి చివరిదాకా నడిపించాను' అని. రెండూ అబద్ధం కాదు. కానీ ఆ రెండు ఫారాలూ వెళ్ళిన గదిలో కూర్చున్నవాళ్ళెవరూ ఆ రాత్రి మేలుకుని లేరు. చివరికి తనకి వచ్చిన సలహా ఒక్క ముక్క: 'విజిబిలిటీ పెంచుకో.' చేసిన పని కనపడకపోతే అది చూడాల్సినవాళ్ళ తప్పు అవ్వాలి కదా? జీతం తీసుకునేదే చూడ్డానికి. ఇక్కడ మాత్రం కనపడనివాళ్ళ తప్పయింది.

సరిగ్గా ఈ సలహా మీదే ఇవాళ ఒక పరిశ్రమ నడుస్తోంది. లింక్డిన్‌లో, యూట్యూబ్‌లో, వీకెండ్ వెబినార్లలో. ఏడాది సగం అయిపోయింది, మిగిలిన సగంలో మీ కెరీర్ మీ చేతుల్లోకి తీసుకోండి. చేసిన ప్రతి పనీ ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోండి. మేనేజర్ పైమేనేజర్‌తో కాఫీ తాగండి. తెలుగులో చెప్పేవాళ్ళయితే తప్పకుండా ఒక సామెత వాడతారు: అడగందే అమ్మైనా పెట్టదు. నాకు ఈ సామెతతో పేచీ లేదు, దాన్ని ఇక్కడ వాడటంతోనే పేచీ. ఏ అమ్మా పదిమంది పిల్లల్లో ఒకడికి అన్నం పెట్టకూడదని ముందే లెక్క రాసుకుని వంటకి దిగదు.

ఆఫీసులో లెక్క ముందే రాసి ఉంటుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం మనందరికీ తెలిసిన విద్యే. అది ఒకరిద్దరు చేసినంతకాలం పనిచేస్తుంది. అందరూ కర్చీఫులు పట్టుకుని పరిగెత్తితే సీట్లు పెరగవు, కిటికీల దగ్గర తోపులాట పెరుగుతుంది. ఈ కెరీర్ సలహాలన్నీ కర్చీఫ్ సలహాలే. ఒకరికి నిజంగా పనికొస్తాయి. అందరికీ చెబితే ఎవరికీ పనికిరావు. చెప్పేవాళ్ళు మాత్రం అందరికీ చెబుతారు.

ఈ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో కొంచెం చూడాలి. పీటర్ డ్రక్కర్ 1954లో 'ది ప్రాక్టీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్' రాసినప్పుడు, లక్ష్యాలు పెట్టుకుని పనిచేయడం గురించిన అధ్యాయం పేరులోనే ఇంకో మాట జోడించాడు: స్వీయ నియంత్రణ. పైవాడు కాపలా కాయక్కర్లేకుండా మనిషి తన పనిని తనే కొలుచుకోవాలి, లక్ష్యం అందుకు. కంపెనీలు మొదటి మాట తీసుకుని రెండోది వదిలేశాయి. తర్వాత జాక్ వెల్చ్ వచ్చాడు. 1981 నుంచి 2001 దాకా జనరల్ ఎలక్ట్రిక్‌ని నడిపిన ఈయన ఉద్యోగుల్ని పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10గా విడగొట్టాడు. అడుగువాళ్ళు బయటికి. పదిమంది టీంలో పదిమందీ బ్రహ్మాండంగా పనిచేశారనుకోండి, అయినా ఒకరు అడుగునే. లక్షమంది కొలతల్లో కనిపించే వంపుని పదిమంది మీద గీస్తే అది గణితం కాదు, కోటా. అడోబీ 2012లో ఏడాదికోసారి జరిగే సమీక్షలు మానేసింది. మైక్రోసాఫ్ట్ 2013 నవంబర్‌లో ఈ ర్యాంకుల పద్ధతి ఎత్తేసింది. జీఈ కూడా తర్వాత వదులుకుంది. పేర్లు పోయాయి గానీ అలవాటు అన్నిచోట్లా పోలేదు. ఇంక్రిమెంట్ల బడ్జెట్ ముందే గీసి చేతిలో పెడితే, బెల్ కర్వ్ అనే మాట ఎవరూ పలక్కపోయినా ఆ వంపు దానంతటదే వస్తుంది.

ఇందులో మిడ్ ఇయర్ రివ్యూ చేసే పనేంటి? స్కూల్లో మనం రాసిన హాఫ్ ఇయర్లీ పరీక్షలతో పోల్చి చూడండి. అక్కడ దిద్దిన పేపరు చేతికొచ్చేది. రెండు మార్కులు కలపడం మర్చిపోతే లేచి అడిగేవాళ్ళం, మాస్టారు కలిపేవారు. ఇక్కడ అక్టోబర్‌లో చాలాచోట్ల రేటింగే ఉండదు. 'బాగా చేస్తున్నావ్, ఇలాగే కొనసాగించు' అంటారు. మార్చి దాటాక 'మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్' అని వస్తుంది. మధ్యలో ఏం మారిందంటే సమాధానం ఉండదు, ఎందుకంటే పనిలో ఏమీ మారలేదు. గదిలో పోలిక మారింది. అక్టోబర్‌లో మనతో మాట్లాడింది మన గురించి, మార్చిలో తీర్పు పక్కవాడితో పోల్చి. ఈ రెంటికీ సంబంధం ఉన్నట్టు నటించడమే నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది.

'మరి ఏ సమీక్షా లేకుండా మేనేజర్‌కి నచ్చినవాళ్ళకి ప్రమోషన్లు ఇచ్చుకోమంటావా?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కాగితమే లేకపోతే కులం, ఊరు, కాలేజీ, సాయంత్రం సిగరెట్ స్నేహం రాజ్యమేలతాయి. కాబట్టి కాగితం ఉండాలి. అయితే దాని మీద మనకీ హక్కుండాలి. దీనికి దారి, మన వయసువాళ్ళు వెక్కిరించే సర్కారీ నౌకరీలో ఉంది. ప్రభుత్వోద్యోగుల మీద ఏటా పైఅధికారి రహస్య నివేదిక రాసేవాడు. దేవ్ దత్ అనే బోర్డర్ రోడ్స్ ఇంజనీరుకి ఒక ఏడాది నివేదికలో 'గుడ్' అని పడింది. తిట్టు కాదు కదా అని ఆయనకి చెప్పలేదు. కానీ ప్రమోషన్‌కి కావాల్సింది 'వెరీ గుడ్'. సుప్రీంకోర్టు 2008లో తేల్చింది: తిట్టైనా పొగడ్తైనా, నివేదికలో రాసిన ప్రతి మాటా ఆ ఉద్యోగికి తెలియజేయాలి, అభ్యంతరం చెప్పుకునే అవకాశమివ్వాలి. 'గుడ్' అనే మాట మనిషి దారికి ఎలా అడ్డం పడుతుందో కోర్టుకి అర్థమైంది. మన 'మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్' దానికి తమ్ముడే. ఆ తీర్పు మాత్రం ప్రైవేటు కంపెనీ గడప దాటి లోపలికి రాలేదు.

అది వచ్చేదాకా ఊరుకోవాలా? అక్కర్లేదు. రివ్యూలో నోటితో చెప్పిన ప్రతి మాటనీ అదే సాయంత్రం మెయిల్లో రాసి పంపొచ్చు: 'మీరు ఇలా అన్నారు, నేను ఇలా అర్థం చేసుకున్నాను, తేడా ఉంటే చెప్పండి.' ఎన్నిమందికి ఏ రేటింగ్ ఇవ్వాలో ముందే అంకె ఉందా అని మర్యాదగానే అడగొచ్చు. జవాబు రాకపోయినా, ప్రశ్న పడితే గదిలో గాలి కొంచెం మారుతుంది. అన్నిటికన్నా తేలికైనది, మనం అసలు చేయనిది ఇంకొకటుంది. ఫారంలో పక్కవాళ్ళ పేర్లు రాయడం. రాత్రి రెండింటికి ఎవరు మేలుకున్నారో, మనకి మొదటి నెల ఎవరు చేయి పట్టుకుని నేర్పారో పేరు పెట్టి రాయడం. ఒక్కరు రాస్తే అమాయకత్వంలా ఉంటుంది. టీంలో ఆరుగురు రాస్తే అది సాక్ష్యం. అప్పుడు 'నువ్వు కనపడలేదు' అనడానికి ఆ గదిలో ఎవరికీ నోరు రాదు.

కర్చీఫులు వేసే విద్యని ఇంకో సంవత్సరం నేర్చుకోవచ్చు. లేదా ఇంకా బస్సులెందుకు వేయరని అందరం కలిసి డిపో మేనేజర్‌ని అడగొచ్చు. రెండోదానికి 'నేను' సరిపోదు, 'మేము' కావాలి. ఆ మాట తెలుగులో ఎప్పట్నుంచో ఉంది. ఈసారి ఫారంలో ఆ మాటతో ఒక్క వాక్యం మొదలుపెట్టండి. వెనక్కి పంపిస్తే, మళ్ళీ అదే వాక్యం పంపండి.